గోడ బయటి పేర్లు

నేను ఒక చిన్న కత్తిని. కంగారు పడకండి, పీకలు కోసే జాతి కాదు మాది. ఉల్లిపాయ కూడా కోసి ఎరగను. అక్షరాలు గీకడం నా వృత్తి. మా కాలంలో, మా దేశంలో దూడతోలు మీద రాసేవారు. రాసేవాళ్ళ కుడిచేతిలో ఈక కలం, ఎడమచేతిలో నేను. పుట లేచిపోకుండా అదిమి పట్టేది నేను. కలం మొన అరిగితే చెక్కేది నేను. తప్పు రాస్తే తోలు మీద నుంచి ఆ తప్పుని గీకి పారేసేదీ నేనే. లోకం మాత్రం కలాన్నే పొగుడుతుంది. దాని పక్కన కూర్చుని దాని తప్పులన్నీ కడిగినవాళ్ళని ఎవరు తలుచుకుంటారు చెప్పండి?

ఇప్పుడు జర్మనీలో ఒక చిన్న ఊరి మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. ఒక పక్క ఎముక దువ్వెన, ఇంకో పక్క తుప్పు పట్టిన తాళంచెవి. ఇద్దరికీ మాటలు రావు. వచ్చేవాళ్ళు పెద్ద కత్తుల గది ఎటని అడుగుతూ నా ముందు నుంచే వెళ్ళిపోతారు. నాకు తెలుగు ఎలా వచ్చిందని అడక్కండి. ఎనిమిది వందల ఏళ్ళు పనీపాటా లేకుండా పడుకుంటే మీకూ ఏదో ఒకటి వస్తుంది.

నన్ను పాత నాగలి కర్రు ముక్కతో చేశారు. కమ్మరి సాగగొట్టాడు, దుప్పికొమ్ము పిడి బిగించాడు. అంచు పెట్టింది మాత్రం ఆయన పెళ్ళాం. సానరాయి మీద ఆమె చెయ్యి తిరిగినట్టు ఆ ఊళ్ళో మగాడి చెయ్యి తిరగదు. కానీ ఆడవాళ్ళ పేరుతో సరుకు అమ్మకూడదని కమ్మరుల సంఘం కట్టుబాటు. అందుకని నా మీద మొగుడి ముద్ర పడింది. పుట్టగానే నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. మనుషులు ఇలా ఎందుకు చేస్తారో కనుక్కుందామని అప్పటినుంచీ చెవులు రిక్కించుకునే ఉన్నాను.

మొదట ఒక లావుపాటి సన్యాసి దగ్గరికి చేరాను. ఆయన రాస్తూ రాస్తూ కునుకు తీసేవాడు. ఒక పుటలో పదిహేను తప్పులు. నాకు చేతినిండా పని, ఒంటినిండా పొగరు. నాలుగు గీతల్లో తోలు తెల్లగా తేలిపోయేది. సిరా అంటే ఏమిటనుకున్నారు? మాచికాయ కషాయంలో అన్నభేది కలిపి, జిగురు వేసి కాస్తారు. అన్నభేదిలో ఉండేది ఇనుమే. అంటే సిరా, నేను దాయాదులం. దాయాదిని చూస్తే ఎవరికి మాత్రం చెయ్యి ఊరుకుంటుంది! ఆ సన్యాసి పోయాక ఆయన పెట్టెలో సామానంతా హాసెల్‌రూడ్ కన్యల మఠానికి పంపేశారు. అక్కడ అప్పుడే ఒక రాతగది మొదలైంది.

ఆడవాళ్ళ మఠంలో ఎన్ని తప్పులు పడతాయో, ఎంత పని దొరుకుతుందో అని సంబరపడుతూ వెళ్ళాను. నా ఆశ అడియాసైంది. వాళ్ళు తప్పులు రాయరు. తప్పు రాస్తే "ఆడరాత" అంటారని ఒక అక్షరానికి రెండుసార్లు చూసుకునేవాళ్ళు. ఆ గదిలో నన్ను చేతబట్టింది గెర్లిండ్ అనే ముప్పయ్యేళ్ళ మఠవాసిని. తోళ్ళు పదును చేసేవాళ్ళ ఇంటి పిల్ల. పొడుగు మనిషి, వేళ్ళకెప్పుడూ సిరా మరకలే. రాసేది పైకి గొణుక్కుంటూ రాసేది. నాకు చదువు రాదు కానీ ఆ గొణుగుడు వల్ల ఆమె రాసిందల్లా నాకు తెలుసు. మధ్యలో ఆగి "ఎందుకు?" అనేది. "ఎందుకు అలా అన్నాడు? ఎవర్ని అడిగి అన్నాడు?" తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు మాత్రం నచ్చింది. నా జబ్బే ఆమెకీ ఉందన్నమాట.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరో పిలుస్తున్నారంటే ఆమె నన్ను చేతిలో పట్టుకునే కిటికీ దగ్గరికి పరిగెత్తింది. మఠవాసినులకీ ఊరివాళ్ళకీ మధ్య గుడిలో ఇనప చువ్వల కిటికీ ఉండేది. వాళ్ళు ఇటు రాకూడదు, వీళ్ళు అటు పోకూడదు. అవతల హెమ్మ నిలబడి ఉంది. ఆమె కుమ్మరి భార్య. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి.

"మా గురువు ఎబెర్‌గారు నా బిడ్డని గోడ బయట పాతించారమ్మా," అంది. "పుట్టిన గంటకే పోయాడు. జ్ఞానస్నానం కాలేదు కాబట్టి శ్మశానంలో చోటు లేదన్నారు. వాడిదేం తప్పు? వాడిప్పుడు ఎక్కడున్నాడు? చీకట్లో ఉన్నాడా?"

ఎబెర్ ఆ ఊరి గురువు. మఠంలో పూజ చేసేదీ ఆయనే. చెడ్డవాడు కాదు. పైనుంచి ఏ మాట వస్తే ఆ మాట కింద అప్పజెప్పే మనిషి. జ్ఞానస్నానం కాని బిడ్డకి దేవుడి మొహం చూసే భాగ్యం లేదని ఆయన చదువుకున్నాడు. చదువుకున్నదే చెప్పాడు.

గెర్లిండ్ చువ్వలు పట్టుకుంది. "నాకు తెలీదు హెమ్మా," అంది. "తెలుసుకుని చెప్తాను. వచ్చే ఆదివారం రా."

తెలీదని చెప్పినవాళ్ళని ఆ గుడిలో నేను అప్పుడే మొదటిసారి చూశాను.

వారమంతా మఠంలో ఉన్న పుస్తకాలన్నీ తిరగేసింది. ఎక్కడా ఆమెకి నచ్చిన జవాబు దొరకలేదు. అప్పుడు మఠం పెద్దమ్మ కునిగుండ దగ్గరికి వెళ్ళింది. కునిగుండ ఒక జమీందారు విధవ. ఎంతమంది బిషప్పులు మారినా ఆమె కుర్చీ కదల్లేదంటే ఎంత గట్టి పిండమో చూసుకోండి.

"ఆ ఊరి ఆడవాళ్ళతో మాట్లాడాలమ్మా. వాళ్ళని అడగాలి. నాకు తోచింది చెప్పాలి."

"ఆడది ప్రసంగం చెయ్యకూడదు. ఆ సంగతి నీకు తెలుసు."

"తెలుసమ్మా. చదవకూడదని ఎక్కడైనా ఉందా?"

కునిగుండ ఆలోచించింది. మఠంలో భోజనాల వేళ ఒకరు నిలబడి పైకి చదవడం, మిగతావాళ్ళు మాట్లాడకుండా తినడం తరతరాల ఆచారం. "చదవచ్చు," అంది. "రోజూ చదువుతూనే ఉన్నాం కదా."

"అయితే రాసుకుని చదువుతాను."

"ఎవరు రాశారని అడిగితే?"

"అడిగినప్పుడు చూద్దాం."

పెద్దమ్మ నవ్వాపుకుంది. "నేనేమీ వినలేదు, ఫో."

ఆ ఆదివారం గెర్లిండ్ ఒక పుట రాసుకుని కిటికీ దగ్గర నిలబడి చదివింది. జవాబు చెప్పలేదు. "పుస్తకాల్లో వెతికాను, దొరకలేదు. మీకేమైనా తెలిస్తే చెప్పండి" అని చదివింది. ఊళ్ళో ఆడవాళ్ళని దేవుడి సంగతి అడిగినవాళ్ళు అంతవరకూ లేరు. ముందు బిత్తరపోయారు. తర్వాత ఒక్కొక్కళ్ళే నోరు విప్పారు. మంత్రసాని అంది, కడుపులో ఉన్న బిడ్డ తల్లి గొంతు వింటే కదులుతాడని, ఇంకెవరి గొంతుకీ అలా కదలడని. ఇంకొకామె ఆ ఊరి ఆచారం చెప్పింది. జ్ఞానస్నానం నీళ్ళు నెత్తిన పడేదాకా బిడ్డ పేరు పైకి అనకూడదు. అంటే అరిష్టం. కానీ ప్రతి తల్లీ కడుపుతో ఉండగానే ఒక పేరు అనుకుని మనసులో దాచుకుంటుంది. మొగుడికి కూడా చెప్పదు. నీళ్ళు పడకముందే పోయిన బిడ్డల పేర్లు అలాగే తల్లుల లోపల ఉండిపోతాయి. ఆ ఊళ్ళో అలాంటి తల్లులు చాలామందే ఉన్నారు.

వాళ్ళు చెప్పింది విని గెర్లిండ్ మళ్ళీ వారం ఇంకో పుట రాసేది. అలా ఏడు వారాలు, ఏడు పుటలు. మొదట అయిదుగురొచ్చారు, తర్వాత ముప్పయ్యయిదుగురు. హెమ్మ మాత్రం అన్నిటికన్నా ముందు వచ్చి చువ్వలకి ఆనుకుని నిలబడేది. "దొరికిందా?" అని అడిగేది. "ఇంకా లేదు. దగ్గరికొచ్చాను" అనేది గెర్లిండ్. నిజం చెప్తున్నాను, ఆ ఏడు వారాలూ నాకు పండగే. ఒక మాట రాసి, చాలక గీకించి, ఇంకో మాట రాసేది. ఆ లావుపాటి సన్యాసి తప్పులు కునికిపాట్ల వల్ల వచ్చేవి. ఈమెవి వెతుకులాటలోంచి వచ్చేవి. రెండింటి రుచీ వేరు.

ఎనిమిదో పుట రాసిన రోజున ఆమె గొణగలేదు. పెదాలు కదిలాయి గానీ గొంతు బయటికి రాలేదు. ఒక్క అక్షరం కూడా నాతో గీకించలేదు. రాయడం అయ్యాక పుటని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. జవాబు దొరికిందని నాకర్థమైంది. ఏమిటో మాత్రం తెలియలేదు. ఆదివారం చదువుతుంది కదా, విందాంలే అనుకున్నాను.

ఆదివారానికి ముందే హార్ట్‌విగ్ వచ్చాడు.

ఇటు ఏడు వారాలు కిటికీ దగ్గర జనం పెరుగుతుంటే అటు ఎబెర్ ప్రసంగానికి బెంచీలు ఖాళీ అయ్యాయి. ఆయనకి కడుపు మండి బిషప్పుకి ఒక ఉత్తరం రాశాడు. బిషప్పు విచారణకి హార్ట్‌విగ్‌ని పంపాడు. వయసులో చిన్నవాడు, సన్నగా, గోళ్ళు శుభ్రంగా ఉన్న మనిషి. కోపం లేదు, కేకలు లేవు. అలాంటివాళ్ళని చూస్తేనే నాకు భయం.

ఎనిమిది పుటలూ బల్ల మీద పరిచి చదివాడు. "ఎవరు రాశారు?" అన్నాడు.

"నేనే స్వామీ," అంది గెర్లిండ్.

"ఇది ఏ శాస్త్రంలో ఉంది?"

"శాస్త్రంలో కనబడకే రాశాను."

ఆఖరి పుట దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగాడు. మొహం ఒక్కసారి మెత్తబడినట్టయింది. వెంటనే సర్దుకున్నాడు. ఆ రోజు సాయంత్రానికి ఆజ్ఞలు సిద్ధమయ్యాయి. గెర్లిండ్ ఇకపై గుడిలో గానీ కిటికీ దగ్గర గానీ నలుగురి ముందు నోరు విప్పకూడదు. విప్పితే బతికున్నంత కాలం ఒక గదిలో పెట్టి తలుపు స్థానంలో గోడ కట్టేస్తారు. ఎనిమిది పుటలూ ఆమె చేతులతోనే గీకి శుభ్రం చెయ్యాలి. తగలబెట్టచ్చు కదా అంటారేమో. దూడతోలు అంటే మాటలా? అదే తోలు మీద, ఆమె చేతిరాతతోనే, మఠవాసినులు ఎలా మౌనంగా ఉండాలో చెప్పే ఆజ్ఞలు రాయాలి. ఏటా అదే రోజున వాటిని గుడిలో పైకి చదవాలి. ఊరి ఆడవాళ్ళందరినీ కిటికీ అవతల నిలబెట్టాలి, వాళ్ళకీ బుద్ధి రావడానికి. చదివారని ఎబెర్ విని సంతకం పెట్టాలి.

"ఇంకో మఠంలో ఇలాగే ఆజ్ఞలిస్తే తమకి నచ్చనివి మింగేసి చదువుతున్నారు," అన్నాడు హార్ట్‌విగ్. "అందుకని మొట్టమొదటి ఆజ్ఞగా ఇది రాయండి. ఈ పుటల మీద ఉన్న ప్రతి అక్షరమూ చదవవలెను. ఏదీ వదలరాదు."

"చిత్తం," అంది కునిగుండ తల వంచుకుని.

ఎనిమిదో పుటని తనే తీసి గెర్లిండ్ ముందు పెట్టాడు. "ముందు ఇది. నేను చూస్తుండగా."

ఇక్కడ నేను నా తప్పు ఒప్పుకోవాలి. అంతకు ముందు రోజే నాకు సాన పట్టారు. పదును మీదున్నాను. గెర్లిండ్ మెల్లగా గీకుతుంటే, నేను మాత్రం సిరా వెనకాల లోపలికంటా దిగి, వేళ్ళతో సహా పెకలించాను. తోలు పాలమీగడలా తేలింది. హార్ట్‌విగ్ కిటికీ వెలుగులో పెట్టి, వేలు తడిచేసి రుద్ది చూశాడు. చుక్క కూడా లేదు. "బాగా చేశావు," అన్నాడు. ఆమెని కాదు, నన్నే మెచ్చుకున్నట్టు పొంగిపోయాను. నేను చెరిపింది ఏమిటో నాకు తెలియదు కదా! తెలియకపోవడం గొప్ప సుఖం.

ఆయన భోజనానికి వెళ్ళాడు. గెర్లిండ్ నన్ను తీసుకుని బట్టలుతికే చోటికి నడిచింది. అక్కడున్న గరుకు బండ మీద నా అంచుని అడ్డంగా పెట్టి రుద్దడం మొదలుపెట్టింది. సాన కాదది. నా పదునుని అరగదీస్తోంది! ఒకసారి, రెండుసార్లు, యాభైసార్లు. కమ్మరి పెళ్ళాం ప్రేమగా పెట్టిన అంచు ఇసుకలా రాలిపోయింది. నాకు నోరుంటే ఆ మఠం ఎగిరిపోయేలా అరిచేదాన్ని. ఇంతకాలం చాకిరీ చేసినందుకు ఇదా బహుమానం? దుఃఖం వచ్చింది, కోపమూ వచ్చింది.

ఆ మొద్దు అంచుతోనే మిగతా ఏడు పుటలూ గీకింది. ఎంత గీకినా పైపొర తప్ప లోపలికి దిగలేకపోయాను. సిరా నలుపు పోయింది గానీ దాని వేళ్ళు తోలులోనే ఉండిపోయాయి. ఆమె వాటి మీద సుద్దపొడి చల్లి రుద్దింది. మర్నాడు హార్ట్‌విగ్ పైపైన తిరగేశాడు. తన కళ్ళముందు ఎనిమిదో పుట అంత బాగా గీకిన మనిషి మిగతావి చెడగొడుతుందా? తల ఊపాడు. తర్వాత ఆమె గీతలు కొట్టుకుని ఆజ్ఞలు రాయడం మొదలుపెట్టింది. మామూలుగా గీకిన తోలు మీద రాసేటప్పుడు పాత వరస మీదే కొత్త వరస వేస్తారు. ఆమె పాత వరసల మధ్య ఎడంలో వేసింది.

"వరసల మధ్య ఇంత ఖాళీ దేనికి?" అన్నాడు హార్ట్‌విగ్.

"తమరి ఆజ్ఞలు కదా స్వామీ," అంది కునిగుండ. "ఇరుకిరుగ్గా రాస్తే మర్యాదగా ఉంటుందా?"

ఆయన సంతోషంగా గుర్రమెక్కాడు.

ఆ ఆదివారం హెమ్మ వచ్చి చువ్వలకి ఆనుకుని నిలబడింది. "దొరికిందా?" అని అడిగింది. గెర్లిండ్ ఇటుపక్క తల దించుకుని కూర్చుంది. పక్కనే ఎబెర్ నిలబడి ఉన్నాడు. హెమ్మ మరో రెండు ఆదివారాలు అడిగి, ఇక అడగడం మానేసింది.

అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. గెర్లిండ్ నన్ను మళ్ళీ సాన పట్టించలేదు. పుటని అదిమి పట్టడానికి తప్ప నన్ను వాడలేదు. ఆమె నడుముకి వేలాడుతూ అలకతోనే గడిపాను. ఏటా ఆజ్ఞలు చదివే పని ఓట్ట అనే ముసలి మఠవాసినిది. చూపు ఆనేది కాదు, కానీ ఆజ్ఞలు ఆమెకి కంఠతా వచ్చు. పుటలు తిప్పుతూ గడగడా అప్పజెప్పేది. ఊరి ఆడవాళ్ళు వచ్చి, నిలబడి, ఆవలించి వెళ్ళేవాళ్ళు. హెమ్మకి మరో ఇద్దరు పిల్లలు పుట్టారు. ఎబెర్‌కి ముసలితనం వచ్చింది, చెవులు మందగించాయి. గోడ బయట అప్పుడప్పుడూ ఒక చిన్న గుంట తవ్వించేవాడు. తవ్వించిన రోజున మఠానికి వచ్చినా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఆ పుటల పెట్టె గెర్లిండ్ అధీనంలోనే ఉండేది. ఏడాదికోసారి తీసి, కిటికీ వెలుగులో పెట్టి చూసేది. నాలుగో ఏడు నల్లటి వరసల మధ్య ఏదో లేత మరక కనిపించింది. ఆరో ఏటికి అది టీ మరక రంగుకి తిరిగింది. తోలులో మిగిలిపోయిన నా దాయాది, ఆ ఇనుము, గాలికి తుప్పు పట్టి మెల్లగా పైకి తేలుతోంది. తొమ్మిదో ఏటికి దూరం నుంచి చూసినా అక్షరాలే. అప్పుడు నాకు బండ మీద రుద్దిన సంగతి అర్థమైంది. తొమ్మిదేళ్ళ అలక ఒక్క క్షణంలో తీరింది. సిగ్గేసింది కూడా. ఆమె నన్ను పాడు చెయ్యలేదు. నేను చెయ్యకూడని పని నాచేత చేయించకుండా ఆపింది. ఎనిమిదో పుటలో మాత్రం నల్లటి వరసల మధ్య అంతా అలాగే తెల్లగా ఉంది. దాన్ని వెలుగులో ఎటు తిప్పినా ఏమీ లేదు. అంత బాగా చేశాను నా పని.

ఆ ఏడు ఓట్ట కాలం చేసింది. చదివే వంతు బెర్తకి వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. "కోళ్ళగూట్లో గుడ్లన్నీ పట్రా" అంటే పొదుగుతున్న గుడ్లు కూడా పట్టుకొచ్చిన రకం. ఆ వంతు బెర్తకి ఇచ్చింది కునిగుండే. ఎందుకిచ్చిందో నన్నడక్కండి. ముసలిదైనా ఆ గట్టి పిండం ఊరికే ఏ పనీ చెయ్యదు.

చదివే రోజు వచ్చింది. గుడి నిండింది. కిటికీ అవతల ఆడవాళ్ళు, ఇవతల మఠవాసినులు, ముందు కుర్చీలో ఎబెర్. గెర్లిండ్ ఆఖరి వరసలో, ఆమె నడుముకి నేను. బెర్త మొదటి ఆజ్ఞ చదివింది. "ఈ పుటల మీద ఉన్న ప్రతి అక్షరమూ చదవవలెను. ఏదీ వదలరాదు." అక్కడ ఆగింది. పుటని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"పెద్దమ్మగారూ, ఇక్కడ రెండు రకాల అక్షరాలున్నాయి. నల్లవి, ఎర్రమట్టి రంగువి. ఏవి చదవను?"

"ఇప్పుడే ఏం చదివావు తల్లీ?" అంది కునిగుండ.

"ప్రతి అక్షరమూ చదవమని."

"మరింకేం. చదువు."

బెర్త చదివింది. ఒక వరస నల్లది, ఒక వరస ఎర్రది, దేన్నీ వదలకుండా, ఒకే గొంతుతో.

"మఠవాసినులు కిటికీ దగ్గర నోరు విప్పరాదు. హెమ్మా, ఇలా దగ్గరగా వచ్చి నిలబడు. ఊరి స్త్రీలతో ధర్మవిషయములు చర్చించరాదు. నాకు తెలియదు, మీకు తెలిస్తే చెప్పండి. స్త్రీ తన బుద్ధితో ఆలోచించి బోధించరాదు. కడుపులో బిడ్డ తల్లి గొంతుకే ఎందుకు కదులుతాడో ఆలోచిద్దాం."

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. కిటికీ అవతల ఆవలింతలు ఆగిపోయాయి. మంత్రసాని తన మాటలు తనే వింటూ నోరు తెరిచి నిలబడింది. హెమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చి చువ్వలు పట్టుకుంది. ఎబెర్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకి వంగాడు. ఆయనకి ఎంత వినిపించిందో, ఎంత అర్థమైందో మొహం చూస్తే తెలియలేదు.

ఏడో పుట చివరికి వచ్చింది. "తల్లి మనసులో దాచుకున్న పేరు ఎవరికీ తెలియదంటారు. అందుకే హెమ్మా, నేను చెప్పేదేమిటంటే," అని చదివి బెర్త పుట తిప్పింది. ఎనిమిదో పుట మీద నల్లటి అక్షరాలే ఉన్నాయి. అవీ సగం దాకే. కింద ఎబెర్ ఏటేటా పెట్టిన సంతకాలు, మిగతా అంతా తెలుపు. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఇంకేం లేదు పెద్దమ్మగారూ. మాట మధ్యలో ఆగిపోయింది."

"ఏం చెప్పింది?" అని అడిగింది హెమ్మ. తొమ్మిదేళ్ళ కిందట అడిగిన గొంతే. "నా బిడ్డ ఎక్కడున్నాడని చెప్పింది?"

ఆ మాటని చంపింది నేనే. చంపుతూ మురిసిపోయింది కూడా నేనే. నాకు నోరు లేదు, ఆ మాట తెలియదు. అంత నిస్సహాయంగా నేనెప్పుడూ లేను.

గెర్లిండ్ చెయ్యి నా పిడి మీద బిగుసుకుంది. ఆమె లేచి నిలబడింది. తలుపుకి అడ్డంగా కట్టే గోడ సంగతి ఆ గుడిలో అందరికీ తెలుసు. పక్కనున్న మఠవాసిని ఆమె అంగీ పట్టుకుని లాగింది. ఆమె కూర్చోలేదు.

"బిడ్డ చీకట్లో లేడు హెమ్మా." తొమ్మిదేళ్ళుగా నలుగురి ముందు వాడని గొంతు, బొంగురుగా, విరిగి విరిగి వచ్చింది. "నువ్వు మనసులో దాచుకున్న పేరు దేవుడికి తెలుసు. ఆ పేరుతోనే వాణ్ణి పిలుస్తున్నాడు."

అందరి కళ్ళూ ఎబెర్ వైపు తిరిగాయి. ఆయన బిషప్పుకి ఒక్క మాట రాసి పంపితే చాలు. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచాడు. గెర్లిండ్ వైపు తిరిగాడు.

"నాకు వినపడలేదు," అన్నాడు. "విని సంతకం పెట్టాల్సినవాణ్ణి. మళ్ళీ చెప్పమ్మా. గట్టిగా."

గెర్లిండ్ మళ్ళీ చెప్పింది. ఈసారి గొంతు విరగలేదు.

కిటికీ అవతల హెమ్మ నుదురు చువ్వలకి ఆనించింది. "ల్యూట్‌హార్ట్," అంది. ఎవరికో అర్థం కాక ఏమిటని అడిగారు. "వాడి పేరు," అంది హెమ్మ. "ల్యూట్‌హార్ట్ అనుకున్నాను." ఆ మాట అంటూ ఏడ్చింది. కాసేపటికి వెనక నుంచి ఇంకొకామె "గీస్ల" అంది. మంత్రసాని చీర చెంగులాంటి తన తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది, వినపడక మళ్ళీ అంది. అరవయ్యేళ్ళ ముసలామె ఒకతి రెండు పేర్లు చెప్పింది. అలా ఒక్కొక్కటే, తొందర లేకుండా. నాకు ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఇనుముకి గగుర్పాటేమిటని నవ్వితే నవ్వండి.

ఎబెర్ కలం అడిగాడు. బెర్త ఎనిమిదో పుట ఆయన ముందు పెట్టింది. ఆయన ఎప్పటిలా "చదివిరి, వింటిని" అని రాసి ఊరుకోలేదు. నేను అంత తెల్లగా గీకిన చోట, విన్న పేర్లు విన్నట్టు ఒకదాని కింద ఒకటి రాశాడు. సరిగా వినపడని పేరుకి మళ్ళీ అడిగాడు. పదకొండు పేర్లు. "గోడ బయట గుంటలూ పదకొండే," అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే. గెర్లిండ్ నోరు విప్పిన సంగతి ఎక్కడా రాయలేదు. సంతకం పెట్టి, పుట ఆరేదాకా ఊదుతూ నిలబడ్డాడు.

మరుసటి ఏడు అదే రోజున ఊరి ఆడవాళ్ళు పిలవకుండానే వచ్చారు. బెర్త లేచి నిలబడి మొదటి ఆజ్ఞ దగ్గర మొదలుపెట్టి, ఆ పదకొండు పేర్లతో సహా, ప్రతి అక్షరమూ చదివింది.